అక్క ఎగిరితే చెల్లి పడింది

అనంతపురం జిల్లా కుందుర్పి చుట్టుపక్కల ఏ పరుషకు, అంటే జాతరకు, పోయినా, పొద్దు గుంకినాక దూరం నుంచి కంటపడేవి రెండు. ఒకటి గుడి మీది సీరియల్ లైట్లు, రెండోది వాటికి పోటీగా వెలిగే జంపింగు. ట్రాంపొలిన్ అనే పేరు ఇక్కడ ఎవరి నోటా వినపడదు. "నాయనా, జంపింగు ఎక్కుతా" అని పిల్లోళ్ళు కాళ్ళకు చుట్టుకుంటారు, అంతే.

మొన్న ఎండాకాలంలో నేను చూసింది చిన్నదే. చుట్టూ ఇనుప గుంజలు, వాటికి నెట్టు, నడుమ నల్లటి పట్ట, పట్టను చట్రానికి లాగిపెట్టిన స్ప్రింగులు. స్ప్రింగుల మీది స్పాంజి ఒకవైపు చిరిగిపోతే అక్కడ గోనెసంచి మడిచి నైలాను తాడుతో బిగించారు. గుంజకు కట్టిన అట్టముక్క మీద ఐదు నిమిషాలకు ముప్పై రూపాయలని రాసుంది.

ఒకామె ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. పెద్దదానికి తొమ్మిదేళ్ళుంటాయి, చిన్నదానికి మూడు దాటి ఉండవు. చిన్నది కొంగు వదలదు. లోపల అప్పటికే నలుగురు మగపిల్లలు ఎగురుతున్నారు. "అక్క ఉంటుంది కదా, పో" అని తల్లి దాన్నెత్తి లోపలికి దింపి, పెద్దదానికి అప్పగింత పెట్టింది: "చెల్లి చెయ్యి ఇడవద్దు." జంపింగు అబ్బాయి కూడా ధైర్యం చెప్పాడు. "ఏం కాదులే అక్కా, సుట్టూ నెట్టుంది."

అక్క చెయ్యి వదల్లేదు. పట్టుకునే ఎగిరింది. ఆమె దిగినచోట పట్ట గుంటపడింది, చిన్నది ఆ గుంటలోకి జారింది. గుంట తిరిగి పైకి లేచేటప్పటికి చిన్నది సరిగ్గా దాని మీదుంది. కాళ్ళ గజ్జెలు ఒక్కసారి గల్లుమన్నాయి. ఆ పిల్ల తన ఎత్తుకు మించి లేచి, గాల్లో కాళ్ళు తడబడి కూలబడింది. బయట నవ్వులు, సెల్‌ఫోన్ల వెలుగులు. పిల్ల వెంటనే ఏడవలేదు. ఇది నువ్వే చేశావా అన్నట్టు అక్కవైపు చూసింది.

దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ తల్లి మాట నన్ను వదల్లేదు. కొండల్లోంచి ఎలుగుబంట్లు దిగే ప్రాంతమిది. చీకటి పడితే పిల్లను ఒంటరిగా వీధి చివరికి కూడా పంపరు. చిన్నదానికి పెద్దదాన్ని తోడు పంపడం ఇక్కడి తల్లులకు పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. జంపింగు మీద మాత్రం ఆ తోడే ముప్పు.

ఎందుకో అర్థం కావాలంటే నులక మంచం చాలు. వదులైన మంచం మీద పిల్ల పడుకుని ఉండగా పెద్దాయన వచ్చి కూర్చుంటే పిల్ల దొర్లుకుంటూ ఆయన పక్కకే చేరుతుంది. పట్ట మీదా అంతే. బరువున్నవాళ్ళు ఎక్కడ దిగితే గుంట అక్కడ పడుతుంది, తేలికవాళ్ళు అటే జారతారు. మంచానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఈ గుంట ఊరుకోదు, తిరిగి కొడుతుంది. పెద్దవాళ్ళు దిగిన ఊపునంతా స్ప్రింగులు దాచుకుంటాయి. ఆ సమయంలో పట్ట మీద చిన్నపిల్ల నిలబడి ఉంటే, దాచుకున్న ఊపులో చాలా భాగం ఆ పిల్లకు చేరుతుంది. అసలు కష్టం ఇంకోరకంగా వస్తుంది. పిల్ల కిందికి దిగుతుంటే పట్ట పైకి లేస్తుంటుంది. ఎదురెదురు. అప్పుడది మెత్తటి పట్ట కాదు, బండనేల.

ఈ బలం ఎంతో 2011లో బ్రిటన్‌కు చెందిన ఒక అత్యవసర వైద్య పత్రికలో లెక్కగట్టారు. 80 కిలోల పెద్దమనిషి, 25 కిలోల పిల్ల ఒకే పట్ట మీద తాళం తప్పి ఎగిరితే, ఆ పిల్ల మీద పడే అదనపు శక్తి దాదాపు 2.8 మీటర్ల ఎత్తు నుంచి గట్టినేల మీద పడినదానికి సమానమట. అంటే మన మిద్దె అంచు నుంచి వాకిట్లోకి పడినట్టే. పాపను చంకనేసుకుని జంపింగు ఎక్కి ఫొటో దిగే నాన్నలు ఈ మిద్దెను ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇళ్ళ పెరట్లో ఇవి ఎక్కువగా ఉన్న దేశం అమెరికా. అక్కడ 2009లో ఒక్క ఏడాదే దాదాపు 98,000 మంది దీనివల్ల గాయపడ్డారని అంచనా. ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘం 2012లో ఒక ప్రకటన ఇచ్చింది. దాని ప్రకారం గాయాల్లో నాలుగింట మూడొంతులు ఒకరికంటే ఎక్కువమంది ఎగురుతున్నప్పుడే జరుగుతున్నాయి. వాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళకు దెబ్బ తగిలే అవకాశం పెద్దవాళ్ళకంటే 14 రెట్ల దాకా ఉంది. నెట్టు కట్టినా, స్ప్రింగుల మీద మెత్తలు వేసినా గాయాలు తగ్గాయనడానికి గట్టి ఆధారం కనపడలేదు. 'సుట్టూ నెట్టుంది' అన్న మాటకు విలువ ఇంతే. నెట్టు బయటికి పడకుండా కాస్త ఆపుతుందేమో కానీ, లోపలున్న అక్క నుంచి చెల్లిని ఎట్లా ఆపుతుంది? ఆరేళ్ళ లోపు పిల్లల్ని అసలు ఎక్కించొద్దన్నది కూడా ఆ వైద్యుల మాటే. అల్లుడి ఇంటికి డల్లాస్ పోయే మన అవ్వాతాతలు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెరట్లో జంపింగు ఉందంటే చాలు, అక్కడి ఇంటి బీమా కంపెనీలు చాలావరకు మొహం చిట్లిస్తాయి.

దీన్ని కనిపెట్టినాయన మాత్రం ఇన్ని లెక్కలు చూసి ఉండడు. అయోవాకు చెందిన జిమ్నాస్ట్ జార్జ్ నిస్సెన్, సర్కస్‌లో ఊయల ఆటగాళ్ళు కింద కట్టిన వలలోకి పడటం చూసి, ఆ వలే తిరిగి పైకి విసిరితే ఎట్లుంటుంది అనుకున్నాడు. 1930ల్లో తన కోచ్ లారీ గ్రిస్‌వోల్డ్‌తో కలిసి తయారుచేశాడు. ప్రచారం కోసం 1960లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక కంగారూతో కలిసి ఎగిరి ఫొటో దిగిన ఘనుడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇది పతకాల ఆట అయింది. ఆ ఆటలో పట్ట మీద ఒక్కరే ఉంటారు. ఇద్దరు జోడీగా అచ్చం ఒకేలా ఎగిరే పోటీ కూడా ఉంది. దానికి రెండు పట్టలు పక్కపక్కన వేస్తారు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళనే ఒకే పట్ట మీదికి ఎక్కించరు. మనం ఆరుగురు పిల్లల్ని ఎక్కిస్తున్నాం.

ట్రాంపొలిన్ అన్న పేరు స్పానిష్ నుంచి వచ్చింది. నీళ్ళలోకి దుంకడానికి ఒడ్డున వేసే పలకను వాళ్ళు ఆ మాటతో పిలుస్తారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మా కపిల బావులు గుర్తొచ్చాయి. బోర్లు వందల అడుగులు దిగి ఈ సీమలో బావులు ఎండిపోకముందు, వీపుకు ఈత బెండు కట్టుకుని గట్టు మీంచి దుంకేవాళ్ళం. ఎవరూ రాయని కట్టుబాటు ఒకటి ఉండేది: కిందోడు పక్కకు పోయినాకే పైవాడు దుంకాల. తప్పితే వీపు మీద దెబ్బ పడేది, అదీ నాయనది కాదు, గట్టున బట్టలుతికే ఏ అవ్వదో. ఆ బావుల్లో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. మొక్కులు తీరిన పిల్లోళ్ళు పట్ట మీద దుంకుతున్నారు, గట్టున కేకేసే అవ్వ మాత్రం లేదు.

మిగతా జాగ్రత్తలు గబగబా చెప్పుకుందాం. పల్టీలు వద్దు, మెడ విరిగితే జన్మంతా మంచమే. కాళ్ళ గొలుసులు, జడపిన్నులు, నోట్లో బబుల్‌గమ్ తీసేయాలి. పట్ట నడుమనే ఎగరాలి. దిగేటప్పుడు అంచు మీంచి దుంకకుండా కూర్చుని జారాలి. అందరూ మరిచేది ఒకటుంది. చెప్పులు పట్ట కిందే విడిచి, ఆట అయ్యాక వాటికోసం చిన్నపిల్లలు కిందికి దూరుతారు, పైన ఇంకొకరు ఎగురుతూనే ఉంటారు.

దెబ్బ తగిలితే మనవాళ్ళు చేసే మొదటి పని నూనె రాసి తోమడం, రెండోది పుత్తూరు కట్టు. చిన్నపిల్లల విషయంలో ఈ తొందర మంచిది కాదు. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు, పెద్దవాళ్ళతో కలిసి ఎగిరినప్పుడు, మోకాలికి కాస్త కింద ఎముక చిట్లవచ్చు. డాక్టర్లు దానికి ట్రాంపొలిన్ ఫ్రాక్చర్ అనే పేరే పెట్టారు. వాపు పెద్దగా ఉండదు, ఎక్స్‌రేలో కూడా సన్నని గీతే. ముఖ్యమైన గుర్తు: పిల్ల కాలు కింద మోపదు. అట్లాంటప్పుడు తోమొద్దు, కాలు కదలకుండా పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకుండా 108కి ఫోన్ చేయాలి.

జంపింగు అబ్బాయితో కాసేపు మాట్లాడాను. ఒక్కొక్కరినే ఎక్కించొచ్చు కదా అంటే నవ్వాడు. "డీజిల్ ఖర్చు కూడా రాదన్నా. పరుష మూడు రోజులే కదా." అతని బాధ అబద్ధం కాదు. ఐదు నిమిషాలను ఒకటిన్నర చేసి పదిరూపాయలు తీసుకో, వరుస కూడా త్వరగా కదులుతుంది అన్నాను. గంటకు నలభై మంది, నాలుగువందలు. ఇప్పుడు ఆరుగురిని ఒకేసారి ఎక్కిస్తే వచ్చేదానికి ఇది చాలా తక్కువని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. పరుష కమిటీ అంగడి బాడుగ కాస్త తగ్గిస్తే తప్ప ఆ లెక్క కుదరదు.

అయినా జనం పలచబడ్డాక ఆ ఇద్దరు ఆడపిల్లలు మళ్ళీ వస్తే, వయసు చాలదని నేను అంటూనే ఉన్నా, అతను అక్కను బయటే ఆపి చిన్నదాన్ని ఒక్కదాన్నే ఎక్కించాడు. అది పట్ట నడుమ నిలబడి కదల్లేదు. అక్క నెట్టుకు ముఖం ఆనించి "ఎగురే" అంటోంది. కాసేపటికి అది మోకాళ్ళు వంచి ఎగిరింది, బెత్తెడు ఎత్తు. గజ్జెలు చిన్నగా మోగాయి. మళ్ళీ బెత్తెడు. అబ్బాయి ఈల వేశాడు, టైమైపోయిందని.