వాగుకు మూడో ప్రమాద హెచ్చరిక ఉండదు

వానలు పడ్డాక శనివారం తెల్లవారుజామున రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు నుంచి బయల్దేరే కుర్రకారు బళ్ళు చాలావరకు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దారి పడతాయి. రాజమండ్రి నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఈ దగ్గరతనమే మనల్ని మోసం చేస్తోంది. హిమాలయాలకు వెళ్ళాలంటే నెలల ముందు నుంచీ నడక సాధన చేసేవాళ్ళు కూడా ఈ అడవిలోకి హవాయి చెప్పులతో, చేతిలో ఒక్క నీళ్ళ సీసాతో దిగిపోతారు. ‘చిన్న కొండలే కదా’ అంటారు. నా దృష్టిలో మిగతా అపోహలన్నిటికీ తల్లివేరు ఈ మాటే.

‘ఇక్కడ చినుకు లేదు, వాగులో దిగితే ఏమవుతుంది?’

అన్నిటికన్నా ప్రాణాంతకమైన అపోహ ఇది. డెల్టాలో పుట్టినవాళ్ళకే ఇది ఎక్కువ. మనకు వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు, 48, 53 అంటూ వార్తలు వస్తాయి. ఆ నీరు ధవళేశ్వరం చేరేసరికి గంటలు గడుస్తాయి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈలోగా లంకల్లో వాళ్ళు గొడ్లను గట్టెక్కించుకుంటారు. కాలువల్లో నీళ్ళయితే లాకుల లెక్క ప్రకారమే వస్తాయి.

కొండవాగుకు ఇవేవీ లేవు. పైన మనకు కనపడని కొండ మీద వాన కురిస్తే, ఏటవాలు బండల మీదుగా ఆ నీరంతా ఇరుకు లోయలోకి నిమిషాల్లో దిగుతుంది. కింద ఎండ కాస్తున్నా సరే. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతానికి వెళ్ళిన వైద్య విద్యార్థులు ఇలా ఉన్నట్టుండి వచ్చిన ప్రవాహంలో కొట్టుకుపోయారు. ముగ్గురు తిరిగి రాలేదు.

తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం మొదలైనా, హోరు మారినా సామాన్ల కోసం చూడకుండా గట్టు మీదికి, ఇంకా పైకి ఎక్కెయ్యాలి. వాగు వెంట పరుగెత్తకూడదు. మనకూ బండికీ మధ్య వాగు పొంగితే దాటే సాహసం వద్దు. మోకాలి లోతు నీరు కూడా ఉరవడిగా ఉంటే మనిషిని పడేస్తుంది. కొండవాగు త్వరగా పొంగినట్టే, పైన వాన ఆగాక సాధారణంగా త్వరగానే తీస్తుంది. కూర్చుని ఆగడమే తెలివి.

మరో మాట కూడా వింటుంటాం: ‘మేం కాలువలో ఈత నేర్చుకున్నవాళ్ళం.’ జలపాతం కింద గుండంలో ఆ ఈత అక్కరకు రాదు. పైనుంచి పడే నీటిలో గాలి కలిసి నురగ అవుతుంది, నురగ మనిషిని తేల్చదు. అడుగున బండల కింద సందులుంటాయి, కాలు పెట్టే ప్రతి రాయి మీదా పాచి ఉంటుంది.

‘దారి తప్పితే వాగు వెంట దిగితే చాలు, ఊరు తగులుతుంది’

మైదానంలో ఇది నిజం కావచ్చు. కొండల్లో వాగు వెంట దిగితే ఎక్కువగా తగిలేది ఊరు కాదు, జలపాతం అంచు. అక్కడి నుంచి కిందికి దిగలేం, తడిబండల మీద వెనక్కి ఎక్కలేం. దారి తప్పామని అనుమానం రాగానే ఆగి, గుర్తున్న చోటి దాకా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. చీకటి పడితే ఉన్నచోటే ఉండాలి. లోయలో పొద్దు మనం అనుకున్నదాని కన్నా ముందే గుంకుతుంది.

‘ఫోనులో మ్యాపు ఉంది, మనిషెందుకు?’

అడవి లోపల చాలాచోట్ల సిగ్నలే ఉండదు. ఉన్నా, ఆ కాలిబాటలు మనకోసం వేసినవి కావు. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు సంతకు, పోడుకు, చుట్టాలింటికి నడిచి నడిచి పడిన దారులవి. బాగా తొక్కిన బాట కదా అని పట్టుకుపోతే అది కల్లు గీసే ఏ జీలుగు చెట్టు దగ్గరో ఆగిపోతుంది. ఈ బాటలు తెలియడం ఎంత పెద్ద విద్యో చరిత్రలోనే ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసినప్పుడు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. బలగాలున్నా, తుపాకులున్నా ఇరుకు దారి తెలిసినవాళ్ళదే పైచేయి అయింది. అందుకే స్థానిక యువకుడిని వెంట తీసుకెళ్ళడం, అతనికి న్యాయమైన కూలి ఇవ్వడం, అతను ‘వద్దు బాబూ’ అంటే వెనక్కి తిరగడం ట్రెక్కింగులో మొదటి పాఠం అంటాను.

అడవి ఎవరిదీ కాదన్నదీ పొరపాటే. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి కావాలి. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి చట్టం కింద అక్కడ ఆంక్షలు ఇంకా గట్టివి. గుడిస పచ్చికకొండ మీద రాత్రి గుడారం వేద్దామనుకునేవాళ్ళు బయల్దేరకముందే అప్పటి నిబంధన కనుక్కోవాలి. ఎండిన గడ్డిలో చలిమంట ఎంత చిన్నదైనా వద్దు.

‘అడవంటే పాములు, పులులు’

పులి మనకు కనపడటం అరుదు. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఎలుగుబంటి విషయంలో. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలేటప్పుడు తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి వస్తుంది. మాట్లాడుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. చప్పుడు లేకుండా దాని మీదికి వెళ్ళిపోవడమే ప్రమాదం.

ఇక పాముకాట్లు మన దేశంలో ఎక్కువగా పడుతున్నది పొలాల్లో పనిచేసేవాళ్ళకు. 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అందులో అత్యధికులు పల్లెజనం. అడవిలోనైనా, వరిగట్టు మీదైనా చేయాల్సింది ఒకటే. కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు కోసం ఆగొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు మందు ఒక్కటే. ఈ అడవుల్లో గిరినాగు కూడా ఉంది. దాని విషానికి ఆ మందు సరిపోదు. కానీ అది మనిషిని కాటేయడం బహు అరుదు. ఇతర పాముల్ని తిని బతికే ఆ జీవిని కర్రతో వెంటాడకపోతే చాలు.

‘మన్యం జ్వరం కొండనీళ్ళ వల్ల వస్తుంది’

ఊటనీరు శుద్ధమనేవాళ్ళూ, ఆ నీళ్ళతోనే మలేరియా వస్తుందనేవాళ్ళూ ఒకే బృందంలో కనిపిస్తారు. రెండూ తప్పే. పై ఊళ్ళ పశువులు దిగే వాగు నీటిని మరిగించో, మందుబిళ్ళ వేసో తాగాలి. ఆ నీళ్ళతో వచ్చేవి విరేచనాలు, టైఫాయిడు లాంటివి. మలేరియా దోమతోనే వస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఎనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించింది మన సికింద్రాబాదులోనే. ఈ దోమలు పొద్దుగుంకాక కుడతాయి కాబట్టి రాత్రి బస చేసేవాళ్ళకు నిండు చేతుల చొక్కా, దోమతెర తప్పవు.

కుట్టిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా వారం నుంచి నెల దాకా పడుతుంది. అప్పటికి మనం తణుకులోనో అమలాపురంలోనో పనుల్లో పడిపోయి అడవి సంగతే మరిచిపోయి ఉంటాం. చలితో జ్వరం వస్తే డాక్టరు అడగకముందే ఫలానా తేదీన మారేడుమిల్లి వెళ్ళొచ్చామని చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఏజెన్సీలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరం రకం మలేరియాకు చికిత్స ఆలస్యం చేస్తే అది మెదడుకు ఎక్కవచ్చు.