పండుగ సారె: జాడీలలో పంపదగిన ఊరుగాయలు, పిండివంటలు

పండుగనాడు మన యింట వండినది మనమే తిని యూరకుండుట తెలుగువారి యాచారము కాదు. అత్తవారింట నున్న కూతురికి సారె పంపవలెను. వియ్యాలవారికి గంపెడు అరిసెలు పోవలెను. పొరుగింటికి ఒక పళ్ళెము అందవలెను. ఇవి యన్నియు జరిగినగాని పండుగ నిండినట్లు కాదు. పూర్వము ఆ గంప బండిమీద ప్రక్క గ్రామమునకు పోయి నాలుగు దినములలో ఖర్చగుచుండెను. కావున ఎంతకాలము నిలువ యుండునను ప్రశ్న ఎవరికిని కలుగలేదు.

నేడట్లు గాదు. మన బిడ్డలు బెంగుళూరు, దుబాయి, అమెరికా మొదలగు దూరస్థలముల నున్నారు. నాలుగు దినములు నిలిచిన చాలుననుకొన్న వస్తువు నాలుగు నెలలు నిలువవలసి వచ్చినది. ఆ కారణముచేత గంప స్థానమున జాడీయు, గాజు సీసాయు వచ్చినవి. రంగుగుడ్డ కట్టి, ముగ్గు వ్రాసి, పేరు చీటి అంటించి పంపెడు పచ్చడి సీసా నేటి సారె యయినది.

ఈ మార్పు శంషాబాదు ప్రాంతపు రైతులకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. 2008 మార్చి 23వ తేదీన ఇచ్చటి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము నుండి రాకపోకలు మొదలయినవి. విమానాశ్రయము క్రిందనున్న భూమి సుమారు 5,495 ఎకరములు. అందు పూర్వము సేద్యము సాగిన చెలకలును గలవు. నేల పోయిన బాధను ఏ పచ్చడి సీసాయు తీర్చజాలదు. అయినను ఆ మార్గముననే ప్రతిదినము వేలకొలది కుటుంబములు ఊరుగాయల పెట్టెలతో పోవుచుండగా, ఆ ఊరుగాయలో మన మామిడికాయ, మన మిరప, మన నువ్వులు ఏల యుండరాదని యోచించుట న్యాయమే గదా. అందులకు ముందుగా నేర్వవలసిన దొక్కటి: సీసాకు అలంకారము వెలుపల, నమ్మకము లోపల. లోపలిది చెడిన వెలుపలిది ఎంత సింగారించినను వ్యర్థము.

ఏ కాలమున ఏది

సంక్రాంతికి క్రొత్త బియ్యము, క్రొత్త నువ్వులు ఇంటికి వచ్చును. తెలంగాణమున ఆ పండుగకు సకినాలు ముఖ్యము. బియ్యమును రాత్రి నానవేసి, నీరు వాడ్చి, తడిపిండి కొట్టి జల్లించవలెను. కిలో బియ్యమునకు పావుకిలో నువ్వులు, కొంచెము వాము, తగినంత ఉప్పు చేర్చి, శుభ్రమైన గుడ్డపై వ్రేళ్ళతో చుట్టలు చుట్టవలెను. గుడ్డ తడిని పీల్చుకొన్న పిమ్మట కాచిన నూనెలో వేయించవలెను. సీసాలో పెట్టదలచినచో చుట్టలను చిన్నవిగా, సీసా మూతికంటె తక్కువ వెడల్పుగా చేసికొనుట మేలు. పెద్ద సకినము సీసా మూతికడనే విరిగి పొడియగును.

మాఘ ఫాల్గుణములలో టమాట ధర పడిపోవుట చేవెళ్ళ, శంషాబాదు రైతులు ఎరుగని సంగతి కాదు. సంతకు తీసికొనిపోయిన బండి కిరాయియైనను రాని దినములు గలవు. అట్టి దినముల పంటలో గట్టి పండ్లను ఏరి నిలువ పచ్చడి పెట్టవచ్చును. కిలో పండ్లను కడిగి, తడి లేకుండ తుడిచి, ముక్కలు కోసి, 75 గ్రాముల ఉప్పు కలిపి రెండు దినము లుంచవలెను. ఊరిన రసమును వేరుచేసి అందు 75 గ్రాముల చింతపండు నానవేయవలెను. ముక్కలను గుడ్డ కప్పి యెండబెట్టి, బాగుగ వాడిన పిమ్మట ఆ రసముతో రుబ్బి, 75 గ్రాముల కారము, కొంచెము ఆవ మెంతి పొడి చేర్చి, పావు లీటరు నూనెలో పోపు పెట్టి, చల్లారిన పిదప కలుపవలెను.

వేసవిలో మామిడికాయ. టెంకె ముదిరి, కండ గట్టిగా, పులుపు నిండుగా నున్న కాయయే ఆవకాయకు తగును. కిలో ముక్కలకు కారము 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, ఉప్పు 200 గ్రాములు, నూనె రమారమి 400 మిల్లీలీటర్లు పట్టును. మన ప్రాంతమున అల్లము, ఎల్లిగడ్డ ముద్దయు, జీలకర్ర, మెంతిపొడియు చేర్చి, కాచి చల్లార్చిన పల్లినూనె పోయుదురు. కోస్తావారు నువ్వులనూనెను పచ్చిగనే పోయుదురు. రెండును మంచివే. మూడవనాడు తిరుగ గలిపి చూడవలెను. ముక్క నూనెను పీల్చుకొన్నచో మరల నూనె పోయవలెను.

ఎందుచేత నిలుచును

మన పెద్దలు చేయి కడిగికొనక జాడీ ముట్టనిచ్చెడివారు కారు. తడి గరిటె తగులనిచ్చెడివారు కారు. అది వట్టి మడి కాదు, అందు శాస్త్రమున్నది. ఉప్పు, కాయలోని నీటిని లాగి, సూక్ష్మక్రిములకు నీరందకుండ చేయును. పులుపు వాటి పెరుగుదలను అడ్డును. ఆవపిండిలోని ఘాటు కొన్నింటిని అణచును. పైన నిలిచిన నూనె గాలి తగులనీయదు. బూజునకు గాలి కావలెను గదా. ఈ నాలుగింటిలో ఏది తగ్గినను కోట గోడకు కంత పడినట్లే. ఉప్పు ఎక్కువయినదని తినువారు చెప్పగా ఉప్పును సగము చేయుట, నూనె ఖరీదని పైపొర నిలువకుండ పోయుట, ఈ రెంటివలననే పెక్కు జాడీలు బూజు పట్టుచున్నవి.

వెల్లుల్లిని గూర్చి ఒక హెచ్చరిక. పులుపు లేకుండ వట్టి నూనెలో వెల్లుల్లి నుంచి నిలువచేయరాదు. గాలి చొరని అట్టి చోట బొట్యులిజము అను ప్రాణాంతక వ్యాధికి కారణమగు క్రిమి పెరుగగలదు. దానికి రంగు, వాసన మారవలెనను నియమము లేదు. పులుపును కొలుచు పి.హెచ్. సంఖ్య 4.6కు తక్కువగా నున్న పదార్థములో ఆ క్రిమి పెరుగజాలదు. సరిగా పెట్టిన మామిడి, చింతపండు, నిమ్మ పచ్చళ్ళు ఈ హద్దునకు లోపలనే యుండును. పి.హెచ్. చూచు కాగితపు పట్టీలు కొలది ధరకే దొరకును; సంఘమువారు ఒక డబ్బా తెప్పించి యుంచుట మంచిది.

పల్లీల పొడి, పల్లిపట్టీ చేయువారు బూజు పట్టినవి, ముడుతలు పడినవి, రంగు మారినవి యగు గింజలను తప్పక ఏరివేయవలెను. ఆ బూజునందు అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును; వేయించినను అది పూర్తిగా పోదు. ఎండుమిరపకాయల విషయముననుగూడ ఇంతే జాగ్రత్త కావలెను. కల్లములో చక్కగ ఎండిన సరుకే పచ్చడికి పనికివచ్చును.

సీసా, జాడీ

గాజు సీసా అన్నిటికంటె మేలైనది. లోపలిది కనబడును, పులుపునకు కరగదు. పింగాణీ జాడీ ఇంట నిలువకు మంచిదే కాని, తినుబండారములకై చేసినదని తెలిసి కొనవలెను. కొన్ని రంగుల మెరుగుపూతలలో సీసము కలియును. పుల్లని పచ్చడి ఆ సీసమును కరగించి తనలోనికి తీసికొనును. అలంకారమునకై అమ్ము రంగుల కుండలలో ఊరుగాయ పెట్టరాదు. రాగి, ఇత్తడి పాత్రలును పులుపునకు పనికిరావు.

సీసాలను సబ్బుతో కడిగి, పది నిమిషములు మరుగు నీటిలో నుంచి, బోరగించి, తడి చుక్కయైనను లేకుండ ఆరనీయవలెను. మూతకు త్రుప్పు పట్టినచో పారవేయవలెను. పచ్చడిని అడుగునుండి అదిమి, గాలి బుడగలు లేకుండ నింపి, పైన నూనె అంగుళములో సగమైనను నిలుచునట్లు చూడవలెను. సకినాలు, మురుకులు పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూత పెట్టవలెను. వెచ్చగా మూసినచో ఆవిరి నీరై మెత్తబడును.

అలంకారము

అలంకారమునకు బజారులో డబ్బు పోయనక్కరలేదు. మూతపై పోచంపల్లి చేనేత ముక్కను గుండ్రముగ కత్తిరించి నూలు దారముతో కట్టిన చాలును. సీసా నడుమ చెరియాల బొమ్మల తీరున ఎరుపు రంగుపై పల్లె బొమ్మ వ్రాయవచ్చును. బతుకమ్మ పూలను, ముగ్గును వ్రాయవచ్చును. రంగు సీసా వెలుపలనే యుండవలెను. మూతి అంచునకు రెండు వ్రేళ్ళ క్రిందుగా ఆపవలెను. పచ్చి ఆకులు, పూవులు కట్టరాదు. అవి తడిని, పురుగును తెచ్చును. చీటి కనబడకుండ బొమ్మ వ్రాయుట తగదు.

చీటి మీద వస్తువు పేరు, అందు చేరిన దినుసులు, పెట్టిన తేదీ, ఎంతకాలములో వాడవలెను, ఎన్నవ వాయి అను వివరము లుండవలెను. నువ్వులు, పల్లీలు, ఆవాలు పడనివారు కొందరు గలరు. వారికి అవి ప్రాణాపాయము కలిగింపవచ్చును. అమెరికాలో 2023 జనవరి 1 నుండి నువ్వుల పేరు చీటిపై తప్పక చూపవలెనని చట్టము అమలయినది. సకినాల చీటిపై నువ్వులని వ్రాయుట ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

ప్రయాణపు నియమములు

విదేశ ప్రయాణమున చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవములను, ముద్దలను పోనీయరు. నూనె పచ్చడి, నెయ్యి పెద్ద పెట్టెలోనే పెట్టవలెను. మూత చుట్టు పట్టీ బిగించి, రెండు ప్లాస్టికు సంచులలో మూసి, బట్టల నడుమ నిలువుగా నుంచిన సీసా పగులదు.

ఒడిబియ్యములో పోయు కుడుకలు శుభమే కాని విమానమునకు పనికిరావు. ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కి మండగల వస్తువుల పట్టికలో చేరినది. గసగసాలు మరింత ప్రమాదకరములు. ఐక్య అరబ్ ఎమిరేట్లు మొదలగు గల్ఫు దేశములలో అవి మత్తుమందులలో లెక్క. వానిని తీసికొనిపోయినవారు చెరసాల పాలు కావచ్చును. అక్కడ కూలికి పోవు బిడ్డకు తల్లి ప్రేమతో పంపిన మసాలాపొడిలో గసగసాలున్నచో ఆ ప్రేమయే వానికి సంకెల యగును. అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో దిగువారు తమతో నున్న తినుబండారములన్నిటిని తెలియజేయవలెను, దాచినచో జరిమానా. మాంసపు పచ్చళ్ళు పంపకుండుట క్షేమము. నియమములు మారుచుండును గాన బయలుదేరుటకు ముందు విమానసంస్థవారి నడిగి తెలిసికొనవలెను.

అమ్మదలచినచో

బంధువులకు ఇచ్చునది కానుక. డబ్బునకు ఇచ్చునది వ్యాపారము. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము చిన్న మొత్తమున చేసి అమ్మువారును పేరు నమోదు చేయించుకొనవలెను. ఒక్కొక్క యింటివారు విడివిడిగా ఈ పని పెట్టుకొనుటకంటె, పది యిండ్ల స్త్రీలు కలిసి ఒక వంటశాల, ఒక నమోదు, ఒక గుర్తు పెట్టుకొనుట సులభము. సీసాలు, నూనె, ఉప్పు టోకున కొన్న ధర తగ్గును. లెక్క వ్రాయునపుడు మన చేని మిరపకాయకును సంత ధర కట్టవలెను. ఇంటి స్త్రీల కష్టమునకు కూలి కట్టవలెను. ఈ రెండును విడిచి వేసిన లాభము లాభము కాదు.

రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము మనకు కూతవేటు దూరముననే యున్నది. పంట నిలువ, ఆహార తయారీ విషయములలో సందేహములున్నవారు అచ్చటి నిపుణుల నడిగి తీర్చుకొనవచ్చును.

సహకారమను చెట్టు మొలచినదే కల్తీలేని తిండి కొరకు. 1844లో ఇంగ్లండునందలి రాక్‌డేలు పట్టణమున 28 మంది చేరి వెన్న, చక్కెర, పిండి, ఓటుపిండి, క్రొవ్వొత్తులతో చిన్న అంగడి తెరచిరి. ఆనాటి అంగళ్ళలో కల్తీ, తక్కువ తూకము సామాన్యములై యుండగా, స్వచ్ఛమైన సరుకు, నిండు తూకము అనునదే వారి నియమము. మన దేశమున 1959లో బొంబాయి నగరమందు ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు చేయ మొదలిడిరి. లిజ్జత్ అను పేరిట ఆ సంస్థ నేడు దేశమంతట తెలిసినది. వారి మూలధనము ఆ ఎనుబది రూపాయలు మాత్రమే కాదు. ప్రతి అప్పడము ఒకే తీరున నుండునను నమ్మకము.

కావున మన సంఘ సభ్యులు, ముఖ్యముగా గృహిణులు, రాబోవు పండుగకు పది సీసాలతో ఆరంభింపుడు. ప్రతి వాయినుండి ఒక సీసాను పంపక ఇంటనే యుంచి, మూడు నెలల పిమ్మట విప్పి చూడుడు. అది చెడకయున్న యెడల మీ సీసా ఎంత దూరమైనను పోవచ్చును. చెడినచో తప్పు ఉప్పులోనో, తడిలోనో, నూనెలోనో తెలిసికొని దిద్దుకొనవచ్చును. దూరదేశమున మూత తీసిన బిడ్డకు మొదట తగులునది మన యింటి వాసన. ఆ వాసన నిర్మలముగా చేరునట్లు చూచుట మన చేతిలోని పని.