సద్దిమూటతో విహారయాత్ర



పెద్దల మాట సద్దిమూట అంటారు. మాట సంగతి అటుంచితే, మూట సంగతే మనం మరచిపోతున్నాం. విహారయాత్ర అనగానే బస్సు కిరాయి ఎంత, ఏమేం చూడాలి అని లెక్క వేస్తాం. తిండి దగ్గరకు వచ్చేసరికి “దారిలో ఏదో ఒకటి తిందాంలే” అంటాం. ఒక ఏడు మేమూ అలాగే వెళ్లాం. మధ్యాహ్నం హోటలు ముందు బస్సు ఆగింది. మాలో కొందరు “ఆకలి లేదు” అని దిగలేదు. లేనిది ఆకలి కాదు, జేబులో డబ్బు. అందుకే మరుసటి ఏడు రామప్పకు వెళ్లినప్పుడు సద్ది కట్టుకుని వెళ్లాం. ఆ యాత్రలో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

గుడి వెనుక చెరువు

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213లో, సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నీటిలో తేలే ఇటుకల గురించి, నల్లరాతి మదనికల గురించి అందరూ చెబుతారు. గుడికి దగ్గరలోనే ఉన్న రామప్ప చెరువును మాత్రం చాలామంది చూడకుండానే తిరిగి వస్తారు. కాకతీయులు గుడితోపాటు చెరువునూ తవ్వించేవారు. చెరువు ఉంటేనే వరి, వరి ఉంటేనే ఊరు, ఊరు ఉంటేనే గుడి. ఈ చెరువు కింద నేటికీ పొలాలు పారుతున్నాయి. కట్ట మీద కూర్చుని అన్నం తింటుంటే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకుండా అర్థమవుతుంది.

సర్వపిండి చెప్పే చరిత్ర

ఆ రోజు మా మూటలో సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లాకు, కారం, ఉప్పు వేసి కలిపి, సర్వ లోపల అంచుల దాకా పలుచగా అద్దుతారు. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి నూనె పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాలుస్తారు. ఇందులో బియ్యం, నువ్వులు మన నేలకు పాతవి. మిరపకాయ, పల్లీ మాత్రం అమెరికా ఖండాలవి. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చిన తరువాతే ఇవి మనకు చేరాయి. అంటే రామప్ప శిల్పాలు చెక్కిన చేతులు మిరపకాయను చూడనే లేదు. వాళ్ల కూరల్లో ఘాటు మిరియాలదే! ఒక్క అప్పలో ఇంత చరిత్ర ఉంది.

బతుకమ్మ పండుగా ఇటువంటిదే. సద్దుల బతుకమ్మ నాడు పూలను చెరువులో సాగనంపి, కట్ట మీదనే చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద పంచుకుంటారు. పాట, చెరువు, సద్ది మూడూ కలిస్తేనే అది పండుగ.

ఒకే పంక్తి

మాతో వచ్చిన ఒక తమ్ముడు మూట విప్పలేదు. అడగగా అడగగా జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం బయటకు తీశాడు. నవ్వుతారని దాచాడట. ఐదు నిమిషాల్లో అతని రొట్టెలే ముందుగా అయిపోయాయి. చేసింది వాళ్లమ్మ. ఆమె తెల్లవారుజామున లేచి, రొట్టెలు చేసి, కూలికి వెళ్లింది.

చెరువు కట్ట మీద కలిసి తినడం మనకు చిన్న విషయం కాదు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి, దోసిలితో నీళ్లు తాగవలసి వచ్చింది. ఎవరి ముంత వారిది, ఎవరి పంక్తి వారిది అన్న ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లం మనం. మన ఇంటి తిండిని దాచుకోవలసిన అవసరం మనకు లేదు.

సద్ది కట్టే పద్ధతి

పులిహోర మధ్యాహ్నం దాకా నిలవడానికి కారణం చింతపండు పులుపు, ఉప్పు, నూనె. అయితే అన్నాన్ని వెడల్పుగా ఆరబెట్టి, చల్లారాకే కట్టాలి. వేడిగా కడితే ఆవిరి నీరుగా మారి అన్నం పాడవుతుంది. పెరుగన్నానికి మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపితే చాలు. తినే వేళకు తోడుకుని కమ్మగా ఉంటుంది. కోడిగుడ్లు ఉడికించి, పెంకు తీయకుండా తీసుకెళ్లాలి. సర్వపిండి, జొన్నరొట్టె సాయంత్రానికి కూడా పనికొస్తాయి. అన్నం మాత్రం మధ్యాహ్నానికే ముగించాలి. మిగిలితే రాత్రికి దాచవద్దు. తిన్న చోట కాగితం ముక్క కూడా వదలవద్దు.

వచ్చే యాత్రకు ప్రతి ఒక్కరూ తమ ఇంటి వంట ఒకటి నేర్చుకుని రండి. అమ్మను అడిగి, కొలతలతో సహా రాసుకోండి. పూర్వ విద్యార్థులు కూడా తమ ఊరి వంటతో మాతో కలవాలని కోరుతున్నాం. చూసిన చోటు నోట్‌బుక్కులో ఉంటుంది. కలిసి తిన్న ముద్ద మనసులో ఉంటుంది.