వార్తల్లో పదం: ఎఫ్‌టీఎల్

చెరువుల్లో కట్టడాలు, ఆక్రమణల వార్తల్లో తరచూ కనిపిస్తున్న పదం ఎఫ్‌టీఎల్. అంటే ‘ఫుల్ ట్యాంక్ లెవెల్’, తెలుగులో పూర్తి నీటిమట్టం. చెరువు నిండి, అలుగు పారడానికి సిద్ధంగా ఉన్నప్పటి మట్టమిది. ఆ మట్టం దగ్గర నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీతే చెరువు హద్దు.

కంభం చెరువునే తీసుకోండి. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ చెరువుకు 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు దక్కింది. కరవు ఏళ్లలో నీళ్లు కట్ట దగ్గరికి తగ్గిపోతాయి, లోపలి నేల బయటపడుతుంది. అయితే నీళ్లు వెనక్కి పోయినా ఎఫ్‌టీఎల్ గీత వెనక్కి పోదు. నేల పొడిగా ఉన్నా అది చెరువే.

గీత బయట కొంత జాగా కూడా వదలాలి. దాన్ని బఫర్ అంటారు. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లుగా పెట్టారు.

 

మార్కాపురం, గిద్దలూరు వైపు చెరువు పక్కన స్థలం కొనేవారు నీళ్లెక్కడున్నాయో చూస్తే చాలదు, ఎఫ్‌టీఎల్ ఎక్కడుందో రికార్డుల్లో చూసుకోవాలి.