మూడవ వయసు విశ్వవిద్యాలయము

మూడవ వయసు విశ్వవిద్యాలయము అనగా ఉద్యోగ విరమణ చేసినవారు బృందాలుగా చేరి, నేర్చుకొనుటకు, కాలక్షేపానికి ఏర్పడిన సంస్థ. ఇది 1973లో ఫ్రాన్సులో మొదలయ్యింది. 1982లో ఇంగ్లండులో మరొక రూపం దాల్చి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా మొదలైన దేశాలకు వ్యాపించింది. బ్రిటనులో దీనిని పొడి అక్షరాలలో యు3ఎ అంటారు. పేరులో విశ్వవిద్యాలయము అని ఉన్నప్పటికీ బ్రిటిష్ పద్ధతిలో ప్రవేశ పరీక్షలు గాని, పట్టాలు గాని, జీతం తీసుకొనే ఆచార్యులు గాని లేరు.

పేరు వెనుక భావన

కేంబ్రిడ్జికి చెందిన చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ 1989లో వెలువరించిన "ఎ ఫ్రెష్ మ్యాప్ ఆఫ్ లైఫ్" అనే గ్రంథంలో మానవ జీవితాన్ని నాలుగు వయసులుగా విభజించాడు. పెద్దలపై ఆధారపడి చదువుకొనే కాలం మొదటిది. సంపాదన, సంసార బాధ్యతల కాలం రెండవది. బాధ్యతలు తీరి, ఆరోగ్యం ఇంకా సహకరిస్తూ, తనకు నచ్చిన పని చేసుకొనే కాలం మూడవది. మరల ఇతరులపై ఆధారపడే చివరి దశ నాలుగవది. ఈ విభజనకు పుట్టినరోజుల లెక్కతో సంబంధం లేదని ఆయన అభిప్రాయం. నాలుగు దశలు అనగానే తెలుగు పాఠకులకు నాలుగు ఆశ్రమాలు గుర్తుకు రావడం సహజమే. కాని వానప్రస్థము లోకవ్యవహారాల నుండి తొలగిపోయే దశ కాగా, లాస్లెట్ చెప్పిన మూడవ వయసు మరింతగా నలుగురిలోకి వెళ్ళే దశ. కనుక పోలిక సంఖ్యతోనే ఆగిపోతుంది.

చరిత్ర

అంతర్జాతీయ న్యాయశాస్త్ర ఆచార్యుడైన పియర్ వెల్లాస్ 1973లో తూలూజ్ నగరంలోని విశ్వవిద్యాలయంలో వృద్ధుల కొరకు తరగతులు ప్రారంభించాడు. అక్కడ బోధించేది విశ్వవిద్యాలయపు అధ్యాపకులు, వినేది వృద్ధులు. బ్రిటనులో విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వ నిధులు తగ్గుతున్న ఆ రోజులలో అటువంటి ఏర్పాటు సాధ్యపడేది కాదు. 1981లో లాస్లెట్, సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్, విద్యావేత్త ఎరిక్ మిడ్వింటర్ కలిసి వేరొక మార్గం ఆలోచించారు. విరమణ పొందినవారిలోనే ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, సంగీతజ్ఞులు ఉన్నారు గనుక వారే ఒకరికొకరు నేర్పుకొనవచ్చునని వారి వాదన. వృద్ధులు సాయం పుచ్చుకొనేవారు మాత్రమే కాదు, ఇవ్వగలవారు కూడా అన్నది ఇందులోని ముఖ్యాంశం. మొదటి శాఖ 1982లో కేంబ్రిడ్జిలో ఏర్పడింది. శాఖలకు భీమా, సలహాలు సమకూర్చడానికి 1983లో థర్డ్ ఏజ్ ట్రస్టును స్థాపించారు. 2020 నాటికి బ్రిటనులో శాఖల సంఖ్య 1000 దాటింది.

పనిచేసే తీరు

పూర్తికాల ఉద్యోగంలో లేనివారెవరైనా స్వల్ప వార్షిక చందా కట్టి సభ్యులు కావచ్చును. సాధారణంగా నెలకొకసారి అందరూ ఒక హాలులో సమావేశమై ఒక ఉపన్యాసం వింటారు. అసలు పని జరిగేది చిన్న బృందాలలో. చరిత్ర, ఫ్రెంచి భాష, భూగర్భ శాస్త్రం, పక్షుల పరిశీలన, చదరంగం, బృందగానం, కాలినడక, తోటపని వంటి వాటికి వేరువేరు బృందాలు ఉంటాయి. పది మంది లోపు ఉన్నట్లయితే ఎవరో ఒక సభ్యుని ఇంటి ముందుగదే తరగతి గది. టీ ఖర్చులు తలా కొంత వేసుకుంటారు. సోమవారం స్పానిష్ నేర్పిన వ్యక్తి మరునాడు చిత్రలేఖన బృందంలో విద్యార్థిగా కూర్చుంటాడు. ఎవరికీ తెలియని విషయమైనచో అధ్యాయాలను పంచుకొని, చదివి వచ్చి, మిగిలినవారికి వివరిస్తారు.

ఉద్యోగ విరమణతో పోయేది జీతం ఒక్కటే కాదు. వేళకు ఇల్లు కదలడం, తోటివారితో మాటలు, పేరు ముందరి హోదా అన్నీ ఒకే రోజున పోతాయి. భర్తనో భార్యనో కోల్పోయి ఒంటరిగా ఉన్నవారి విషయంలో ఈ బృందాల విలువ చదువును మించినది. రావలసిన మనిషి రాకపోతే ఫోను చేసి కనుక్కొనేవారు ఉంటారు.

తెలుగు ప్రాంతాలలో పోలికలు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో విరమణ పొందినవారి సంఘాలలో ప్రధానమైనవి పెన్షనర్ల సంఘాలు. నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తేదీని ఏటా పెన్షనర్ల దినముగా జరుపుకుంటారు. కరువు భత్యం, వైద్య ఖర్చులు ఈ సంఘాల ప్రధాన విషయాలు. సంఘ భవనంలో పత్రికా పఠనం, పిచ్చాపాటీ వాటికి తోడు. ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్ర ప్రదేశ్‌లో 2022లో 62కు పెరిగింది.

పరిమితులు

సభ్యులలో ఎక్కువమంది చదువుకొన్న మధ్యతరగతివారు, అందులోనూ స్త్రీలు. విశ్వవిద్యాలయము అనే పేరే కొందరిని దూరంగా ఉంచుతుందనే విమర్శ ఉంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవులకు ఎవరూ ముందుకు రాకపోతే శాఖను నడపడం కష్టం. వీటన్నిటికంటె చిక్కైన ప్రశ్న, మూడవ వయసు నుండి నాలుగవ వయసులోకి జారినవారిది. మెట్లు ఎక్కలేనివారికి, చెవులు సరిగా వినపడనివారికి వేరొకరి ఇంట్లో జరిగే బృందం క్రమంగా అందకుండా పోతుంది. 2020లో కోవిడ్ వలన సమావేశాలు ఆగిపోయినప్పుడు అనేక బృందాలు జూమ్ ద్వారా కలుసుకోవడం ప్రారంభించాయి. ఇల్లు కదలలేని సభ్యులకు ఈ పద్ధతి ఉపకరించింది.