పుట్ట లేని చోట పుట్టగొడుగులు

వేసవి వానలు పడిన మర్నాడు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఇళ్ల ముందు పచ్చికలో అరచేయంత తెల్లటి గొడుగులు గుంపులుగా లేస్తాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చూడగానే నోరూరుతుంది. వాళ్ల చూపుకి ఊళ్లో గట్టి ఆధారమే ఉంది. మన పుట్టగొడుగు చుట్టూ తవ్వితే కాడ వేరులా సన్నబడి చెదల పుట్టలోకి దిగడం కనిపిస్తుంది. చెదపురుగులు తిండి కోసం పెంచుకునే బూజే వానకి గొడుగై పైకొస్తుంది. అలా బూజు పెంచే చెదలు ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉన్నాయి. అమెరికా నేలలో ఆ పుట్టగొడుగు మొలవనే మొలవదు.

ఇక్కడ పచ్చికలో లేచేది చాలాసార్లు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఉత్తర అమెరికాలో జనం పొరబడి తినే విషపు గొడుగుల్లో ముందుండేది ఇదే. తిన్న కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరిన గొడుగు కాడ కోసేసి, తెల్ల కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అడుగునున్న రేకుల అచ్చు పొడిగా రాలి ఉంటుంది. ఆ పొడి ఆకుపచ్చగా ఉంటే అది ఇదే. లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి కాబట్టి కంటిని నమ్మకూడదు.

అచ్చు తెల్లగా పడిందని వండేయకూడదు కూడా. ప్రాణాంతకమైన డెత్ క్యాప్ అచ్చూ తెల్లనిదే. యూరప్ చెట్ల వేళ్లతో కాలిఫోర్నియా చేరిన ఈ గొడుగు బే ఏరియాలో ఓక్ చెట్ల కింద స్థిరపడింది. లేతగా ఉంటే అచ్చం వరిగడ్డి పుట్టగొడుగులా సంచిలోంచి లేస్తుంది. తిన్నాక ఆరు గంటలు దాటేదాకా సాధారణంగా ఏమీ తెలియదు. వాంతులు తగ్గి కుదుటపడినట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వెండి చెంచా నల్లబడలేదనో, పురుగు తిన్నదనో చేసే పరీక్షలు దేనికీ పనికిరావు. అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కి ఫోన్ చేయండి. మిగిలిన ముక్క పారేయకండి.

ఏరొద్దని కాదు, తెలిసినవాళ్ల వెంట ఏరమని నా మాట. సంగీతకారుడు జాన్ కేజ్ 1962లో మిత్రులతో కలిసి న్యూయార్క్ మైకలాజికల్ సొసైటీ అనే పుట్టగొడుగుల సంఘాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ సంఘం ఇప్పటికీ నగర పార్కుల్లో నడకలు పెడుతుంది. మన తెలుగు సంఘాలు కూడా పిక్నిక్‌లతో పాటు ఏటా అలాంటి నడక ఒకటి పెట్టి, పెద్దవాళ్లను తప్పక తీసుకెళ్లాలి. ఊళ్లో గొడుగులు ఏరిన కళ్లకు కొత్త జాతులు త్వరగానే పట్టుబడతాయి.

మొదట నేర్చుకోదగ్గది మైటాకే. తూర్పు రాష్ట్రాల్లో సెప్టెంబర్, అక్టోబర్‌లలో ముసలి ఓక్ చెట్ల మొదట్లో బూడిద రంగు రెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుత్తిగా వస్తుంది. అడుగున రేకులుండవు, సూదిబెజ్జాలుంటాయి. వచ్చిన చెట్టు కిందే తరచూ మళ్లీ వస్తుంది. సంఘంలో అనుభవమున్నవాళ్లకు చూపించాకే వండండి, తొలిసారి కొంచెమే తినండి. న్యూయార్క్ నగర పార్కుల్లో కోయడం నిషేధం, చాలా ఊళ్లలోనూ అంతే. రోడ్డు పక్కవీ, మందు కొట్టిన పచ్చికలోవీ వద్దు. స్నేహితుల పెరట్లో పాత ఓక్ ఉంటే, వాళ్లనడిగి ఈ అక్టోబర్‌లో దాని మొదలు చుట్టూ చూసి రండి.