నెట్స్‌లో వేసిన బంతి వృథా పోదు!

నాచారం పారిశ్రామికవాడలో ఇంటర్వ్యూకి వెళ్లారు. ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’ అన్నారు. లేదు. తల దించుకుని మెట్రోకి వస్తుంటే ఉప్పల్ స్టేడియం కనిపిస్తుంది కదా? ఒక్క నిమిషం అక్కడ ఆగండి.

మహ్మద్ సిరాజ్ ఆటోడ్రైవర్ కొడుకు. టెన్నిస్ బంతితో గల్లీ క్రికెట్ ఆడుతూ పెరిగాడు. 2015 నవంబరులో హైదరాబాద్ రంజీ జట్టులోకి వచ్చాడు. ఆ సీజన్‌లో ఆడింది ఒక్కటే మ్యాచ్!

మరి తర్వాతి అవకాశం ఎలా వచ్చింది? ఐపీఎల్ జట్టుకు నెట్ బౌలర్‌గా వెళ్లి కోచ్ భరత్ అరుణ్ కంట్లో పడ్డాడు. నెట్ బౌలర్ పేరు స్కోర్‌బోర్డులో ఉండదు, కానీ చూసేవాళ్లుంటారు. అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా వచ్చాక సిరాజ్‌కు వరుసగా ఆడే చాన్స్ దొరికింది. 2016-17 రంజీలో 41 వికెట్లు తీశాడు. 2017 వేలంలో రూ.20 లక్షల కనీస ధరతో ఉన్న అతణ్ని సన్‌రైజర్స్ రూ.2.6 కోట్లకు కొనుక్కుంది.

ఇక అంతా సాఫీయేనా? కాదు. అదే ఏడాది రాజ్‌కోట్‌లో తొలి అంతర్జాతీయ టీ20లో 4 ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. 2019 ఐపీఎల్‌లో విఫలమైతే ‘వెళ్లి మీ నాన్నతో ఆటో నడుపుకో’ అని ఎగతాళి చేశారు. 2020 అక్టోబరులో కోల్‌కతాపై 8 పరుగులకే 3 వికెట్లు తీసి జవాబిచ్చాడు.

ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్, కాలేజీ ప్రాజెక్టు... ఇవే మీ నెట్స్. అక్కడ మీ పని చూసిందెవరో గుర్తు చేసుకోండి. ఈరోజే వాళ్లకో ఫోన్ కొట్టండి.